టార్చిలోకి నీళ్లు ఎలా వచ్చాయి?

పాఠకుల ప్రశ్నలు – మేస్త్రి జవాబులు

బరంపురంలో మాది దీపాలు బాగుచేసే దుకాణం. మా నాన్న రోజుల్లో గోపాల్‌పూర్, పొడంపేట, ఆర్జిపల్లి నుంచి జాలర్లు పెట్రోమాక్సు దీపాలు తెచ్చేవారు, మాంటిల్ వేయించుకోవడానికో, పంపు వాషరు మార్పించుకోవడానికో. ఇప్పుడు వాళ్ల మనవలు అరచేతిలో ఇమిడే డైవింగ్ టార్చి పట్టుకొస్తున్నారు. నీళ్లలో తిరిగే ఇంజను ఫ్యానుకి వల చుట్టుకుంటే పడవ కిందికి దిగి కోయడానికి కొంటున్నారు. కొన్న నెలకే రిపేరుకి వస్తున్నవీ ఎక్కువే. ఈసారి ఉత్తరాలన్నీ ఆ టార్చి గురించే.

*అన్నా, కార్తీకంలో 2,400 రూపాయలు పెట్టి డైవింగ్ టార్చి కొన్నాను. పెట్టె మీద 100 మీటర్లు అని ఉంది. వల కోయడానికి రెండుసార్లే దిగాను, అదీ రెండు బారల లోతు దాటలేదు. రెండోసారికే అద్దం లోపల మబ్బు పట్టింది. 100 మీటర్లన్నది అబద్ధమా?*
— ఫైబర్ బోటు కుర్రాడు, గోపాల్‌పూర్

తమ్ముడూ, అబద్ధమని తేల్చేముందు బ్యాటరీ తీసేసి, టార్చిని నీడలో ఒక రోజు ఉంచి అద్దం చూడు. మబ్బు పోయి అద్దం తేటగా ఉంటే సముద్రం లోపలికి రాలేదు. బ్యాటరీ మార్చినప్పుడు గాలితో పాటు లోపల చిక్కిన తేమ అది. మన తీరంలో గాలి ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది కదా. టార్చి వెలిగితే లోపల వేడెక్కుతుంది, నీళ్లు తగిలి అద్దం చల్లబడుతుంది, ఆ తేమంతా వెళ్లి అద్దానికి పడుతుంది. చల్లటి నీళ్లు పోసిన చెంబు బయట చెమర్చినట్టే. ఇసుకలో కూర్చుని, వాన తుంపర్లో నిలబడి మూత తీయకపోతే ఈ బాధ చాలావరకు ఉండదు. అలా కాక, మబ్బు పోయాక అద్దం అంచున తెల్లటి మరక మిగిలిందా, అది ఉప్పు. సముద్రం నీళ్లే దారి చేసుకున్నాయి.

ఇక 100 మీటర్ల సంగతి. పెట్టె మీద ఐపీఎక్స్7 అని (నీళ్లను ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తు) ఉంటే 1 మీటరు లోతులో 30 నిమిషాలకే హామీ. ఐపీఎక్స్8 అంటే అంతకు మించి, తయారీదారు రాసినంత లోతుకి. నీది 100 మీటర్లకు తయారైనదే కావచ్చు. కానీ ఆ హామీ మొత్తం నిలబడింది మూత మర దగ్గరున్న నల్ల రబ్బరు రింగు మీద. మన వాళ్లు దాన్ని వాషరు అంటారు, కంపెనీ వాళ్లు ఓ-రింగు అంటారు. ఏ పేరుతో పిలిచినా టార్చి ప్రాణం అదే.

నీళ్లలో 10 మీటర్లు దిగితే ప్రతి చదరపు సెంటీమీటరు మీద ఇంచుమించు 1 కిలో బరువు అదనంగా పడుతుంది. నీ టార్చి అద్దం 4 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే, ఆ అద్దం మీదే దాదాపు పన్నెండున్నర కిలోలు. అంత ఒత్తిడీ రింగుని దాని గాడిలో ఓ పక్కకి నొక్కుతుంది. నొక్కిన కొద్దీ అది ఇంకా బిగుసుకుంటుంది. అందుకే రింగు బాగుంటే లోతు పెరిగినా భయం లేదు. రింగు మీద ఇసుక రేణువు ఉంటే మాత్రం రెండు బారల లోతులోనే, ఒత్తిడి సరిగా అందకముందే, నీళ్లు ఆ సందులోంచి పాకుతాయి. నా దగ్గరికి వచ్చిన తడిసిన టార్చిల్లో ఎక్కువ భాగం ఒడ్డు దగ్గర తడిసినవే.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఆరేళ్ల కిందట ఒక టార్చికి రింగు మార్చి, పాత బనీను గుడ్డతో తుడిచి, మూత బిగించి ఇచ్చాను. వారం తిరక్కముందే ఆ పడవ యజమాని వచ్చాడు. రాత్రి పడవ కింద వల కోస్తుండగా వెలుగు ఒక్కసారి మసకబడి ఆరిపోయిందట. చేతిలో కత్తి, చుట్టూ వల, ఏ పక్కన ఏముందో తెలియదు. నడుముకి కట్టిన తాడు పట్టి పైవాళ్లు లాగారు కాబట్టి బతికాడు. టార్చి విప్పి భూతద్దం కింద రింగు చూశాను. బనీను పోగు ఒకటి, రెండు అంగుళాలు కూడా లేదు, రింగు మీద అడ్డంగా పడుకుని ఉంది. దాని కింద రబ్బరు మీద సన్నటి గీత. ఆ గీతలోంచే నీళ్లు వచ్చాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటినుంచి రింగు దగ్గర బనీను గుడ్డ, దూది వాడను. కళ్లద్దాలు తుడిచే మెత్తని గుడ్డే వాడతాను.

నువ్వు చేయాల్సింది ఇది. సముద్రం నుంచి రాగానే మూత తీయకు. మూసి ఉన్న టార్చినే ఒక బాల్చీ మంచినీళ్లలో అరగంట నానబెట్టు. కుళాయి కింద ఊరికే కడిగితే మర సందుల్లో ఉప్పు కరగదు. తుడిచి, ఆరబెట్టి, ఇంట్లో ఫ్యాను ఆపి, మూత వైపు కిందికి ఉండేలా పట్టుకుని తిప్పు. మర మీద మిగిలిన చుక్క లోపలికి జారకుండా ఉంటుంది. రింగు తీయడానికి పిన్నీసు, కత్తి మొన వద్దు, గాటు పడితే ఇక అంతే. రెండు వేళ్లతో రెండు పక్కలా నొక్కి తోస్తే ఓ చోట ఉబ్బుతుంది, అక్కడ పట్టుకుని తీయొచ్చు. కళ్లు మూసుకుని చూపుడు వేలికీ బొటనవేలికీ మధ్య చుట్టూ తిప్పు. గరుకు, పగులు, చదునుగా నొక్కుకుపోయిన చోటు కంటికంటే వేలికే ముందు తెలుస్తాయి. అలాంటిది కనిపిస్తే మార్చెయ్. లేకపోయినా ఏడాదికోసారి మార్చు. రింగు కొనేటప్పుడు పాతది తీసుకెళ్లి లోపలి వెడల్పు, రబ్బరు మందం రెండూ కొలిపించు. వెడల్పు కుదిరి మందం అరమిల్లీమీటరు తగ్గినా పనికిరాదు.

ఇంకో మాట. కిందికి దిగేముందు ఇంజను ఆపి, తాళం తీసి నీ మొలకి కట్టుకో. రెండో టార్చి పడవ మీద ఉండాలి, నడుముకి తాడు ఉండాలి, తాడు పట్టుకునే మనిషి ఉండాలి. టార్చి తాడు మెడకి మాత్రం వేసుకోవద్దు, వలకి చిక్కితే ఉరే. చేతికి వదులుగా వేసుకో.

*వాషరుకి కొబ్బరినూనె రాస్తున్నాం. వాజలీను మంచిదా?*
— ఐస్ ఫ్యాక్టరీ కార్మికుడు, ఛత్రపురం

రెండూ వద్దు. కొబ్బరినూనె పుష్య మాసంలో గడ్డకడుతుంది, నాలుగు రోజులకు ముక్కిపోయి జిగటగా ఇసుకని పట్టుకుంటుంది. వాజలీను పెట్రోలియం సరుకు, కొన్ని రకాల రబ్బరుని ఉబ్బిస్తుంది. మీ టార్చిలో ఏ రబ్బరు ఉందో చూపుతో చెప్పలేం. మామూలు నల్ల నైట్రైల్ రబ్బరు రింగుకి సిలికాన్ గ్రీజు రాయండి. రింగే సిలికాన్ రబ్బరుదైతే ఆ గ్రీజు దాన్ని ఉబ్బిస్తుంది, అప్పుడు టార్చితో ఇచ్చిన గ్రీజే వాడాలి. నువ్వుగింజంత చాలు. వేళ్ల మధ్య రింగుని లాగుతూ రాస్తే రబ్బరు మెరవాలి, గ్రీజు ముద్దగా కనిపించకూడదు. నీళ్లను ఆపేది రింగు, గ్రీజు కాదు. అది రింగు మెలిపడకుండా జారడానికే.

*టార్చికి 9,900 ఎంఏహెచ్ అని రాసిన సెల్లు 150 రూపాయలకే వచ్చింది. కంపెనీ సెల్లు 2,600 అని ఉండి 450 చెబుతున్నారు. ఎక్కువ ఉన్నది తక్కువకి వస్తుంటే కొనకూడదా?*
— చిల్లర దుకాణదారు, రాయగడ

కొనకండి. ఈ సెల్లుని 18650 అంటారు. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు, పేరులోనే కొలత ఉంది. ఆ డబ్బాలో 9,900 పట్టదు. మంచి కంపెనీలవి కూడా 3,500 చుట్టుపక్కలకు మించి అరుదు. మీ ఊళ్లో కంసాలి తక్కెడ ఉంటుంది కదా, దాని మీద పెట్టి చూడండి. అసలైన సెల్లు 45 నుంచి 50 గ్రాములు తూగుతుంది. 30 గ్రాములు చూపిస్తే లోపల సగం ఖాళీ. నా బల్ల మీద అలాంటిదాన్ని కొలిస్తే 700 దాటలేదు. ఇంట్లో చార్జి అయిపోతే చిరాకు పడి ఊరుకుంటాం. పడవ కింద అయిపోతే?

నిండా చార్జి అయిన సెల్లు మల్టీమీటరు మీద 4.2 వోల్టులు చూపాలి. 2.5 కంటే దిగిపోయినదాన్ని మళ్లీ చార్జి చేయవద్దు, అందులో మంట ప్రమాదం ఉంది. పరుపు మీద, రాత్రంతా వదిలేసి చార్జి పెట్టవద్దు. సెల్లు పై ప్లాస్టిక్ తొడుగు చిరిగితే ఆ సెల్లు పక్కన పెట్టేయండి.

కొనేటప్పుడు పొడవు కూడా చూడండి. లోపల రక్షణ సర్క్యూట్ ఉన్న సెల్లు 65 దాటి 68, 70 మిల్లీమీటర్లు కూడా ఉంటుంది. మీ టార్చి దానికి తగినది కాకపోతే మూత చివరి చుట్టు తిరగదు. ‘బిగిసింది కదా’ అనుకుంటాం, రింగు మాత్రం సగం బయటే ఉంటుంది. మూత బిగించాక రింగు రబ్బరు ఇసుమంత కూడా కంటికి కనబడకూడదు.

*మాస్టారూ, స్విచ్ కదలడం లేదు. స్క్రూడ్రైవరుతో తోస్తే అద్దం పక్క రంగు పోయింది. ఏం చేయాలి?*
— వల అల్లే పనివాడు, సోనాపూర్

తోయడం ఆపండి. మీ టార్చి స్విచ్‌కి లోపలికి రంధ్రమే లేదు. పైనున్న చిన్న మీటలో అయస్కాంతం ఉంటుంది, గోడ అవతల దాన్ని గుర్తుపట్టే చిన్న ముక్క ఉంటుంది. రంధ్రం లేదు కాబట్టి నీళ్లు అటునుంచి రావు, మంచి పద్ధతే. కానీ మీట కింద ఇసుక, ఉప్పు, ఇనుప రజను చేరతాయి, అయస్కాంతం రజనుని పిలిచి మరీ పట్టుకుంటుంది. గోరువెచ్చని మంచినీళ్లలో గంట నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోమి, వేలితోనే అటూ ఇటూ కదపండి. రెండు మూడు సార్లు నానబెడితే వదులుతుంది. ఇకపైన నానబెట్టేటప్పుడు బాల్చీలోనే మీట పదిసార్లు కదపండి. రంగు పోయిన చోట అల్యూమినియం బయటపడింది, అక్కడ ఉప్పు త్వరగా తింటుంది, రోజూ తుడవండి.

*రుషికుల్య మొగ దగ్గర తాబేళ్లు గుడ్లు పెట్టే రోజుల్లో కాపలాకి పోతాం. డైవింగ్ టార్చి బాగా వెలుగిస్తుంది, అది తీసుకెళ్లవచ్చా?*
— డిగ్రీ విద్యార్థిని, గంజాం

అమ్మాయీ, ఆ వెలుగు అక్కడ వద్దు. తెల్లటి వెలుగు పడితే ఒడ్డెక్కుతున్న తల్లి తాబేలు వెనక్కి మళ్లిపోతుంది. 45 నుంచి 60 రోజులకు గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చాక, అవి అన్నిటికంటే కాంతిగా ఉన్న దిక్కుకి పాకుతాయి. మామూలుగా ఆ కాంతి సముద్రం మీద ఉంటుంది. నీ టార్చి రోడ్డు వైపు వెలిగితే అటే పోతాయి. చిన్నపాటి ఎర్రలైటు తీసుకెళ్లు, నేల వైపే పట్టు, అవసరం లేనప్పుడు ఆర్పు. అటవీశాఖ వాళ్లు చెప్పినచోటే నిలబడు. ఎర్ర కాగితం చుట్టి డైవింగ్ టార్చినే వాడదామన్నా వద్దు, వీటిలో చాలా వాటికి నీళ్లే చల్లదనం. గాలిలో పూర్తి వెలుగు మీద వదిలేస్తే తల భాగం చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, కాగితం మాడుతుంది. ఫైలిన్ తుపాను వచ్చిన 2013 అక్టోబరులో కరెంటు లేని రోజుల్లో ఇలాంటి టార్చి ఒకటి బల్ల మీద నిలబెట్టి వెలిగించి, లోపలి రింగు కరిగించుకుని తెచ్చారు నా దగ్గరికి. ఇంట్లో వాడాల్సివస్తే అన్నిటికంటే తక్కువ వెలుగు మీదే పెట్టాలి.

*పాత బావి పూడిక తీయాలి. టార్చిని తాడుకి కట్టి దింపితే లోపల బాగుందో లేదో తెలుస్తుందా?*
— రైతు, పర్లాకిమిడి

అయ్యా, నీళ్లు ఎంత ఉన్నాయో, గోడ రాళ్లు కదిలాయో తెలుస్తుంది. గాలి బాగుందో లేదో తెలియదు. ఇది చాలా ముఖ్యం, దయచేసి ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. పెద్దవాళ్లు లాంతరు దింపి చూసేవారు, ఆరిపోతే దిగేవారు కాదు. మంటకి గాలి కావాలి. ఎల్‌ఈడీ టార్చికి గాలితో పని లేదు, ప్రాణవాయువు బొత్తిగా లేని బావిలోనూ ధగధగా వెలుగుతుంది. ఆ వెలుగు చూసి ‘బాగానే ఉంది’ అని దిగినవాడు స్పృహ తప్పుతాడు, వాణ్ని తీయడానికి దిగిన రెండోవాడూ అంతే. లాంతరు ఆరకపోయినా విషవాయువు లేదని నమ్మకం లేదు, మండే వాయువు ఉంటే లాంతరే ప్రమాదం. గాలి కొలిచే మీటరు ఉన్నవాళ్లను, అగ్నిమాపక కేంద్రం వాళ్లను అడగండి. బ్లోయరుతో గాలి పంపకుండా, నడుముకి తాడు లేకుండా మనిషిని దింపకండి.

*విశాఖ రుషికొండ దగ్గర స్కూబా (గాలి సిలిండరు కట్టుకుని నీళ్లలోకి దిగడం) నేర్చుకున్నాను. రాత్రి డైవ్‌కి వెళ్లాలని ఉంది. ఎన్ని ల్యూమెన్ల టార్చి కొనాలి?*
— బ్యాంకు ఉద్యోగి, బరంపురం

ల్యూమెన్లంటే వెలుగు కొలత. ఆ అంకె ఒక్కటే చూసి కొంటే మోసపోతారు. మన బంగాళాఖాతం నీళ్లు చాలా రోజులు కలకగా ఉంటాయి. కలక నీళ్లలో వెడల్పు వెలుగు వేస్తే, పొగమంచులో హైబీమ్ వేసినట్టు, వెలుగంతా మట్టి రేణువులకు తగిలి మీ కళ్లలోకే వస్తుంది. 6 నుంచి 10 డిగ్రీల సన్నటి వెలుగు, 1,000 ల్యూమెన్లు చాలు. వెడల్పు వెలుగు ఫొటోలకి. ఎంతసేపు వెలుగుతుందన్న లెక్క కూడా జాగ్రత్తగా చదవండి. చాలా కంపెనీలు వెలుగు మొదటిదాంట్లో పదో వంతుకి పడిపోయేవరకు లెక్క కడతాయి. ‘3 గంటలు’ అన్నదాంట్లో పనికొచ్చే వెలుగు గంటన్నరే కావచ్చు.

పగటి డైవ్‌కి కూడా టార్చి దగ్గర పెట్టుకోండి. నీళ్లు ఎరుపుని అన్నిటికంటే ముందు మింగేస్తాయి, 5 మీటర్లు దాటాక ఎర్ర చేప బూడిద రంగులో కనిపిస్తుంది. దగ్గర్నుంచి టార్చి వేస్తే దాని అసలు రంగు తిరిగొస్తుంది. రాత్రి డైవ్‌కి మాత్రం ఒకటి చాలదు, రెండోది చిన్నదైనా జేబులో ఉండాలి. వెలుగుతో నెమ్మదిగా గుండ్రం తిప్పితే ‘బాగున్నాను’, వేగంగా అటూ ఇటూ ఊపితే ‘సాయం కావాలి’. తోడు వచ్చినవాళ్ల కళ్లలో వేయవద్దు. స్కూబా నేర్చుకున్నందుకు మీకిచ్చిన కార్డు ఓపెన్ వాటరు (మొదటి మెట్టు) అయితే 18 మీటర్లే హద్దు, రాత్రి ఇన్‌స్ట్రక్టరుతోనే దిగండి. విమానంలో పోతే విడి లిథియం సెల్లులు చేతిసంచిలోనే పెట్టుకోవాలి, లగేజీలో వేయకూడదు.

*అన్నయ్యా, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు బోట్లకు వేట నిషేధం. మావారు టార్చి అటకమీద పడేస్తారు. పోయినేడు తీసేసరికి లోపలంతా పాచిలా పచ్చగా పట్టి, మూత తిప్పితే టప్‌మని శబ్దమొచ్చి భయపడ్డాం. ఈసారి ఎలా దాచాలి?*
— గృహిణి, పొడంపేట

చెల్లెమ్మా, ఆ శబ్దం తేలిగ్గా తీసుకోకండి. ఉప్పునీళ్లు లోపలికి పోయి బ్యాటరీకి తగిలితే వాయువు పుడుతుంది. గాలి చొరని డబ్బా కాబట్టి అది లోపలే నిండి మూతని తోస్తుంది. నీళ్లు పోయాయని అనుమానం వస్తే స్విచ్ నొక్కవద్దు. ఆరుబయట, అద్దం గానీ మూత గానీ ముఖం వైపు లేకుండా, పిల్లలు దూరంగా ఉండగా, నెమ్మదిగా పావు చుట్టు తిప్పి ఆగి, మళ్లీ తిప్పండి. తడిసిన లిథియం సెల్లు ఎండబెట్టి మళ్లీ వాడకండి. ఆరుబయట ఇసుక పోసిన మట్టికుండలో ఉంచి, పాత బ్యాటరీలు తీసుకునేవాళ్లకు ఇవ్వండి. పచ్చగా పట్టింది రాగి, ఇత్తడి ముక్కల మీది చిలుము. మామూలు పెన్సిల్ సెల్లు కారి తెల్లగా పూస్తే రెండు చుక్కల వెనిగర్ దూదికద్ది తుడవొచ్చు, చేతికి తొడుగు వేసుకుని.

దాచేటప్పుడు మంచినీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, సెల్లు బయటికి తీయండి. సెల్లు నిండుగానూ, ఖాళీగానూ కాక సగం చార్జిలో ఉండాలి, మీటరు మీద 3.7, 3.8 వోల్టులు. దాన్ని చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేరుగా పెట్టండి, తాళాలు, చిల్లర ఉన్న చోట వద్దు. మూత సగమే తిప్పి వదలండి, రెండు నెలలు నొక్కుకుని ఉంటే రింగు చదునైపోతుంది. అటక రేకు కింద వేడి, బీరువా కింది అర మంచిది.

జూన్‌లో తీసినప్పుడు సెల్లు వేయకుండానే పరీక్ష చేయండి. లోపల టిష్యూ కాగితం ముక్క చుట్టి పెట్టి, మూత పూర్తిగా బిగించి, ఒక రాయి జోడించి, తాడుతో బావిలో నాలుగైదు మీటర్ల లోతుకి దింపండి. గంట ఆగి పైకి లాగి, బయట పూర్తిగా తుడిచి విప్పండి. కాగితం పొడిగా ఉంటే అప్పుడు సెల్లు వేసి మీవారి చేతికివ్వండి. ఒక చుక్క మచ్చ కనబడినా రింగు మార్చేదాకా ఇవ్వకండి.